వృత్తి పునరావాస కేంద్రంలో తొమ్మిది నెలలు: నా అనుభవం

2016 జూన్‌లో, నాకు 31 ఏళ్ల వయసులో, పటాన్‌చెరు దగ్గర ఒక విడిభాగాల కర్మాగారంలో రాత్రి షిఫ్టు చేస్తుండగా నా కుడి చేయి, రేకులను కోసి ఒత్తే పవర్ ప్రెస్ కింద పడింది. రెండు బటన్లను రెండు చేతులతో ఒకేసారి నొక్కితేనే దిగవలసిన ప్రెస్ అది. ఉత్పత్తి తగ్గుతుందని ఆ రెండింటిలో ఒకదాన్ని ఎప్పుడో టేపు చుట్టి లోపలికి అదిమి ఉంచారు. ఆ సంగతి మా అందరికీ తెలుసు, పైవాళ్లకూ తెలుసు. డైలో, అంటే ప్రెస్ అచ్చులో, చిక్కిన రేకును సరిచేయడానికి కుడి చేయి లోపల పెట్టాను, ఎడమ చేయి అలవాటు కొద్దీ బటన్ మీద పడింది. ముంజేయి మధ్య దాకా చేయి తీసేయవలసి వచ్చింది.

నేను రాయదలచుకున్నది ఆ రాత్రి గురించి కాదు. ఆ రాత్రికీ, మళ్లీ ఒక కర్మాగారంలో జీతం అందుకున్న రోజుకూ మధ్య 23 నెలలు గడిచాయి. అందులో మొదటి 14 నెలలు ఎలా చేజారిపోయాయో, మిగిలిన తొమ్మిది నెలల్లో హైదరాబాదు విద్యానగర్‌లోని వృత్తి పునరావాస కేంద్రంలో ఏం జరిగిందో రాస్తాను. చేయో కాలో పోయిన మనిషికి పని దొరకడం, దొరకకపోవడం అతని ధైర్యం మీదే ఆధారపడుతుందని చాలామంది నాతో అన్నారు. నా విషయంలో అది నిజం కాదు. ధైర్యం మొదటి 14 నెలల్లోనూ నాకు ఉంది.

ఈఎస్‌ఐ, అంటే కార్మికుల ప్రభుత్వ బీమా, కార్డు ఉండడం వల్ల వైద్యానికి నా చేతి డబ్బు ఖర్చు కాలేదు. చికిత్స జరిగినంత కాలం తాత్కాలిక అశక్తత కింద జీతంలో 90 శాతం వచ్చింది. ఆ డబ్బు బ్యాంకులో పడింది కానీ దాన్ని తీసుకోవడానికి వెళ్తే మొదటి అడ్డంకి ఎదురైంది. నా సంతకం కుడి చేత్తో చేసినది. ఎడమ చేత్తో చేసిన గీతలు రికార్డులోని సంతకంతో కలవడం లేదని ఫారం తిప్పి ఇచ్చారు. డాక్టరు ధ్రువపత్రం, ఫోటో, ఇద్దరి సాక్ష్యం, కొత్త నమూనా సంతకం ఇవన్నీ సమర్పించే సరికి మూడు వారాలు పట్టింది. ఈ మధ్యలో నా కూతురు రెండో తరగతి కాపీ పుస్తకంలో రోజూ రెండు పేజీలు ఎడమ చేత్తో నా పేరు రాసేవాణ్ణి. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మనిషికి మొట్టమొదట నేర్పవలసిన పని సంతకమేనని నాకు అప్పుడే అనిపించింది, ఇప్పటికీ అదే నా అభిప్రాయం.

చికిత్స సాగుతున్నంత కాలం కంపెనీ నన్ను తీసేయలేదు. ఆ సమయంలో తీసేయకూడదని అప్పటి ఈఎస్‌ఐ చట్టంలోని 73వ సెక్షన్ చెప్పేది. 2017 ఫిబ్రవరిలో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రం, నాకు తగిన పోస్టు లేదని, ప్రెస్ షాపులో ఒంటి చేత్తో పని కుదరదని, లెక్క చూసి పంపిస్తామని చెప్పారు. నేను ఏ పని చేయగలనో వాళ్లు అడగలేదు, నాకూ చెప్పడం తెలియలేదు. ఆ తర్వాత రెండు నెలలకు, 2017 ఏప్రిల్ 19న, కొత్త వికలాంగుల హక్కుల చట్టం అమలులోకి వచ్చింది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని తీసేయరాదని, పాత పని చేయలేకపోతే అదే జీతంతో మరో పోస్టుకు మార్చాలని ఆ చట్టం చెబుతుంది కానీ ఆ రక్షణ ప్రభుత్వ సంస్థల ఉద్యోగులకే. నాలుగు శాతం రిజర్వేషన్ కూడా ప్రభుత్వ కొలువులకే. ప్రెస్సుల కింద, రోలర్ల మధ్య చేతులు పోగొట్టుకునేవారిలో ఎక్కువమంది నాలాగే ప్రైవేటు కర్మాగారాల వాళ్లు. వాళ్లకు ఆ రక్షణ అందదు.

2017 మేలో మెడికల్ బోర్డు ముందుకు వెళ్లాను. డాక్టరు నా చొక్కా చేయి మడిచి, మోచేతి వెనుక ఎముక కొన మీద టేపు ఆనించి, అక్కడి నుంచి మొండి చివరి దాకా కొలిచారు. మోచేతి కొనకు కింద 11.43 సెంటీమీటర్లు, అంటే నాలుగున్నర అంగుళాలు, లేదా అంతకన్నా ఎక్కువ ముంజేయి మిగిలితే సంపాదన శక్తిలో 60 శాతం పోయినట్టు. అంతకన్నా తక్కువ మిగిలితే 70 శాతం. అప్పటి ఈఎస్‌ఐ చట్టం వెనుక ఉన్న పట్టికలో అలాగే రాసి ఉండేది. నాకు 13 సెంటీమీటర్లకు కాస్త పైన మిగిలింది కాబట్టి 60 శాతం రాశారు. దాని ప్రకారం శాశ్వత అశక్తత భృతి నెలకు సుమారు 8,000 రూపాయలు వస్తుందని తేలింది. వైకల్య ధ్రువీకరణ కోసం పెట్టే సదరం శిబిరంలో ఇచ్చిన సర్టిఫికెట్టుకు మరో బోర్డు, మరో కొలత. ఈ కొలతలు అవసరమే, వాటి వల్లే మా ఇల్లు గడిచింది. అయితే అవన్నీ నా చేయి ఎంత పోయిందో చెప్పేవే. మిగిలిన దానితో నేను ఏం చేయగలనో ఆ కాగితాల్లో ఒక్క అక్షరం కూడా లేదు.

ఆ నెలల్లో పని వెతకకుండా నన్ను ఆపిన భయం ఒకటుంది. ఎక్కడైనా ఉద్యోగంలో చేరితే ఆ 8,000 ఆగిపోతుందని మా బంధువులు, పాత కంపెనీలో తోటివాళ్లు, చివరికి మా వీధిలో కాస్త చదువుకున్నవాళ్లు కూడా చెప్పారు. మా అమ్మ అయితే, దేవుడు ఇచ్చిన ఆ కాస్తా పోగొట్టుకోవద్దని బతిమాలింది. అది నిజం కాదు. శాశ్వత అశక్తత భృతి అనేది పోయిన సంపాదన శక్తికి పరిహారం. మళ్లీ ఉద్యోగంలో చేరినా అది ఆగదు. ఈ ఒక్క విషయం తెలియక ఇంట్లో కూర్చుండిపోయినవాళ్లను తర్వాత నేను ఐదారుగురిని చూశాను. ఆసరా పింఛను సంగతి వేరు, దానికి కుటుంబ ఆదాయ పరిమితి ఉంటుంది కాబట్టి వాళ్ల భయానికి కొంత ఆధారం ఉంది. ఈ రెండూ ఒకటే అనుకుని జనం తికమక పడుతున్నారు.

కేంద్రం గురించి నాకు చెప్పింది ఏ అధికారీ కాదు. కృత్రిమ చేతి కొలతల కోసం వరుసలో కూర్చున్నప్పుడు, మోకాలి కింద కాలు తీసేసిన ఒక లారీ డ్రైవరు పక్కన కూర్చుని, "తమ్మీ, విద్యానగర్ వీఆర్‌సీకి పోయినవా?" అని అడిగాడు. వృత్తి పునరావాస కేంద్రానికి ఇంగ్లిషు పొట్టి పేరు అది, నేను అప్పటిదాకా వినలేదు. అది 1968 నుంచి హైదరాబాదులో ఉంది. దేశంలో మొట్టమొదట పెట్టిన రెండు వృత్తి పునరావాస కేంద్రాల్లో అది ఒకటి, రెండోది బొంబాయిలో. కొన్నేళ్ల క్రితం కేంద్ర కార్మిక శాఖ దాని పేరును దివ్యాంగుల జాతీయ కెరీర్ సేవా కేంద్రంగా మార్చింది కానీ బస్సు దిగి అడిగితే ఇప్పటికీ వీఆర్‌సీ అంటేనే దారి చూపుతారు. నేను పదేళ్లుగా ఉంటున్న ఊరిలోనే, రెండు బస్సులు మారితే చేరగల చోట అది ఉంది. 2017 ఆగస్టులో, ప్రమాదం జరిగిన 14 నెలలకు అక్కడికి వెళ్లాను.

మొదటి రోజునే ఏదో ఒక కోర్సులో చేర్చేస్తారని అనుకున్నాను. అలా చేయలేదు. నాలుగు రోజుల పాటు నన్ను పరిశీలించారు. సైకాలజిస్టు ఒకరు చాలాసేపు మాట్లాడారు. నిద్ర గురించి, లేని వేళ్లలో వచ్చే నొప్పి గురించి, ఇంట్లో ఎవరెవరు ఉన్నారో, నేను ఏ పనిని ఇష్టంగా చేసేవాణ్ణో అడిగారు. లేని బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయినట్టు రాత్రుళ్లు నొప్పి పుడుతుందని నేను అప్పటిదాకా నా భార్యకు కూడా చెప్పలేదు. అది చాలామందికి వస్తుందని, మతిభ్రమణం కాదని ఆవిడ వివరించారు. తర్వాత రంధ్రాలున్న చెక్కపలక ఒకటి ఇచ్చి, ఎడమ చేత్తో చిన్న చిన్న మేకులను ఆ రంధ్రాల్లో నిలబెట్టమని గడియారం పెట్టి చూశారు. మొదటి రోజు నా లెక్క చాలా తక్కువ, నాలుగో రోజుకు దాదాపు రెట్టింపు అయింది. వాళ్లకు కావలసింది ఆ పెరుగుదలేనని తర్వాత అర్థమైంది.

మూడో రోజు వర్క్‌షాపులో బోధకుడు ఒక డబ్బా నిండా కలగలిసిన వాషర్లు, బుష్‌లు (చిన్న గొట్టాల్లాంటి లోహపు ముక్కలు) తెచ్చి, సైజుల వారీగా వేరు చేయమన్నారు. నేను వేరు చేస్తూ నాలుగైదింటిని పక్కన పెట్టాను. ఎందుకు పెట్టావని అడిగారు. వాటికి బర్ ఉందని చెప్పాను. రేకును కోసినప్పుడు అంచున మిగిలే సన్నని గరుకు పొరను మేము బర్ అంటాము. కంటికి సరిగా కనబడదు, వేలికి తగులుతుంది. ఆయన వాటిని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగులో తిప్పి చూసి, నా ముందుకు స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఎనిమిదేళ్లు ప్రెస్ షాపులో ఏమేం చేశావు, డ్రాయింగు చదవగలవా, కొలతలు తీసే వెర్నియర్ పట్టావా, ఎంత టాలరెన్సు (కొలతలో ఒప్పుకునే తేడా) ఉన్న పనులు చేశారు మీరు, అని గంటసేపు అడిగారు. అప్పటిదాకా నేను నన్ను ప్రెస్ ఆపరేటరునని మాత్రమే చెప్పుకునేవాణ్ణి. ఆయన తన నివేదికలో మాత్రం, ముడి సరుకు లోపాలను స్పర్శతో గుర్తించగలడు, డ్రాయింగు కొంతవరకు చదవగలడు, తనిఖీ పనికి తగినవాడు అని రాశారు. ఆ కాగితం జిరాక్సు ఇప్పటికీ నా దగ్గర ఉంది.

కృత్రిమ చేయి విషయం కూడా అక్కడే తేలింది. నాకు మొదట అమర్చిన చేయి చూడ్డానికి చేయిలాగే ఉండేది. చర్మం రంగు తొడుగు, గోళ్లతో సహా. దాన్ని తొడుక్కుని పెళ్లికి వెళ్లినప్పుడు నా భార్య ఎంతో సంతోషించింది. కానీ అది దేన్నీ పట్టుకోలేదు. పని చేయాలనుకుంటే కొక్కెం కావాలని బోధకుడు సూటిగా చెప్పారు. రెండు ఉక్కు కొనలున్న ఆ కొక్కేనికి ఒక తీగ ఉంటుంది, అది వీపు మీదుగా ఎడమ భుజానికి చుట్టిన పట్టీకి బిగిసి ఉంటుంది. కుడి భుజాన్ని కాస్త ముందుకు తోస్తే కొనలు విడతాయి, భుజం వదిలితే రబ్బరు పట్టీల బలంతో మూసుకుంటాయి. మొదటి రెండు వారాలు చంక ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయి. ఆరు మిల్లీమీటర్ల పిన్నును జారకుండా పట్టుకోవడానికి నెల పట్టింది. ఇంట్లో అందరూ దాన్ని చూసి మొహం తిప్పుకున్నారు. పిల్ల మాత్రం మొదటి వారంలోనే దాని పట్టీలు బిగించడం నేర్చుకుంది.

ఆరు నెలలు కంప్యూటర్ శిక్షణలో ఉన్నాను, మధ్యాహ్నాల్లో కొలత పరికరాల మీద విడిగా సాధన చేశాను. దాని గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. శ్రద్ధగా నేర్చుకుంటే ఎవరికైనా వచ్చేదే. ఒకటి మాత్రం చెప్పాలి. పనిలో జరిగిన ప్రమాదం వల్ల 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం వచ్చి, వయసు 45 దాటనివారు ఇలాంటి కేంద్రంలో శిక్షణ పొందుతుంటే, శిక్షణ సాగినన్నాళ్లు రోజుకు 123 రూపాయలు గానీ కేంద్రం తీసుకునే ఫీజు గానీ, ఏది ఎక్కువైతే అది ఈఎస్‌ఐ ఇస్తుంది. నేను దరఖాస్తు చేసుకుని పొందాను. ఆ డబ్బు బస్సు ఖర్చుకు, మధ్యాహ్నం భోజనానికి సరిపోయేది, ఇంట్లో అడిగే పని తప్పింది.

శిక్షణ పూర్తి చేసినంత మాత్రాన పని దొరుకుతుందని నేను చెప్పను. నాతో పాటు ఉన్నవాళ్లలో ఇద్దరి సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. పుట్టుకతో వినికిడి లేని ఒక కుర్రవాడు మా అందరికన్నా చురుకైనవాడు. ప్యాకింగ్ పనిలో చేరి రెండు నెలలకే మానేశాడు. షిఫ్టు మారిందని మైకులో చెప్పారట, అతను పాత వేళకే వెళ్లాడు, గైర్హాజరు వేశారు. అలా మూడుసార్లు జరిగింది. గోడ మీద ఒక బోర్డు పెట్టి షిఫ్టులు రాసి ఉంచితే తీరిపోయే ఇబ్బంది అది. పోలియో వల్ల రెండు కాళ్లకూ క్యాలిపర్లు వేసుకునే ఒక అమ్మాయి కుట్టుపనిలో గట్టి చేయి అనిపించుకుంది. ఆమెకు ఉద్యోగం ఇచ్చిన చోట కుట్టు మిషన్లు రెండో అంతస్తులో, మరుగుదొడ్డి కింది అంతస్తులో. దాహం వేసినా నీళ్లు తాగకుండా పది రోజులు చేసి వదిలేసింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది, వారిలో ఏదో ఒక పని చేస్తున్నవారు 36 శాతం. స్త్రీలను మాత్రమే తీసుకుంటే 23 శాతం. ఈ 23 అనే అంకె కనబడినప్పుడల్లా నాకు ఆ రెండో అంతస్తు మెట్లే గుర్తుకొస్తాయి. ఆమెకు పనితనం లేక కాదు.

నన్ను మూడు చోట్లకు పంపారు. మొదటి చోట కొక్కెం చూసి, ఫోన్ చేస్తామన్నారు, చేయలేదు. రెండో చోట గేటు దగ్గర రిజిస్టరు రాసే పని ఉందన్నారు. ఒప్పుకుందామనుకున్నాను, కానీ ప్లేస్‌మెంట్ చూసే అధికారి ఆపారు. ఆ పని తక్కువదని కాదని, నీ ఎనిమిదేళ్ల పనితనం గేటు దగ్గర వృథా అవుతుందని, ఇంకొక్క నెల ఆగమని చెప్పారు. ఆ నెల ఆగడం మా ఇంటికి సులువు కాలేదు. మూడోది జీడిమెట్లలో ఒక చిన్న మెషినింగ్ యూనిట్. అధికారి నాతో పాటు వచ్చారు. ఇంటర్వ్యూ వద్దని, మూడు రోజులు బల్ల దగ్గర కూర్చోబెట్టి పని చూడమని యజమానిని అడిగారు. యజమాని కూడా ఒకప్పుడు లేత్ మీద పని చేసినవాడే కావడం నా అదృష్టం.

తనిఖీ బల్ల మీద అసలు చిక్కు, చాలా సన్నని కొలతలు తీసే మైక్రోమీటరుతో వచ్చింది. మామూలుగా వస్తువును ఒక చేత్తో, మైక్రోమీటరును రెండో చేత్తో పట్టుకుని, అదే చేతి బొటనవేలుతో తిప్పుతారు. కొక్కెంతో మైక్రోమీటరు పట్టుకుంటే జారుతోంది, వస్తువు పట్టుకుంటే వంకరగా నిలుస్తోంది. మొదటి రోజు 160 బుష్‌లు మాత్రమే చూడగలిగాను. అక్కడ మామూలు లెక్క 350. ఆ సాయంత్రం అధికారి బల్లను, నా కూర్చునే తీరును కాసేపు చూసి, మైక్రోమీటరును బిగించే స్టాండు ఒకటి తెప్పించమన్నారు. అది కొత్తగా కనిపెట్టిన వస్తువేమీ కాదు, మార్కెట్లో దొరికేదే, అప్పట్లో మూడు వేల లోపు. స్టూలు ఎత్తు నాలుగు అంగుళాలు తగ్గించారు, చూడవలసిన సరుకు డబ్బాను కుడివైపు నుంచి ఎడమవైపుకు మార్చారు. కొక్కెంతో బుష్‌ను తీసి దవడల మధ్య పెట్టడం, ఎడమ చేత్తో తిప్పి కొలత చదవడం, అదే ఊపులో రాయడం. మూడో రోజు 310 చూశాను, నేను పక్కన పెట్టిన వాటిని యజమాని మళ్లీ కొలిచి చూసుకున్నారు. 2018 మే మొదటి వారంలో 11,500 రూపాయల జీతంతో చేరాను. పాత జీతం కన్నా 2,000 తక్కువ, కానీ భృతి ఆగలేదు కాబట్టి ఇంటికి చేరేది ఎక్కువే.

చేరిన తర్వాత కూడా అధికారి నన్ను వదిలేయలేదని చెప్పకపోతే ఈ అనుభవం సగమే చెప్పినట్టు. రెండో నెలలో మనుషులు తక్కువైనప్పుడు ఫోర్‌మన్ నన్ను డ్రిల్లింగ్ మిషన్ మీద వేశారు. తిరిగే కదురు దగ్గర వేలాడే తీగతో, పట్టీలతో నిలబడడం ఎంత ప్రమాదమో నాకు తెలుసు, కానీ కొత్తగా వచ్చిన ఉద్యోగంలో కాదనడానికి నోరు రాలేదు. మామూలుగా క్షేమం కనుక్కోవడానికి ఆయన ఫోన్ చేసినప్పుడు చెప్పాను. మరుసటి రోజే వచ్చి, నన్ను నిందించకుండా, ఫోర్‌మన్‌ను తక్కువ చేయకుండా మాట్లాడి, తిరిగే యంత్రాల మీద నన్ను వేయకూడదని యజమానితో కాగితం మీద రాయించారు. ఆ ఒక్క ఫోన్ రాకపోయి ఉంటే నేను ఆ నెలలోనే మానేసేవాణ్ణి, లేదా రెండో ప్రమాదం జరిగేది. శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్టు చేతిలో పెట్టడంతో పని అయిపోయిందనుకునే చోట్ల ఈ ఫోన్ చేసే మనిషి ఉండడు. ఆ వినికిడి లేని కుర్రవాడికి సైగల భాష తెలిసినవాళ్లు ఒక్కరు ఇలా వెంట ఉండి ఉంటే అతను ఇప్పటికీ ఆ ప్యాకింగ్ బల్ల దగ్గరే ఉండేవాడని నా నమ్మకం.

నేను అదే యూనిట్‌లో ఉన్నాను. ఇప్పుడు తనిఖీ విభాగంలో నా కింద ముగ్గురు పని చేస్తున్నారు, వారిలో ఒకరు చిన్నప్పుడు పోలియో వచ్చిన మనిషి, కేంద్రం ద్వారానే వచ్చాడు. స్టాండు మాత్రం పాతదే, ఒక స్క్రూ మార్చాము.

కిందటి నెల మా వీధిలో 22 ఏళ్ల అబ్బాయికి రోలర్లలో చేయి నలిగి నాలుగు వేళ్లు తీసేశారు. ఐదో రోజున ఆసుపత్రికి వెళ్లాను. వాళ్ల అమ్మ నా కొక్కెం చూసి ఏడుపు ఆపుకోలేకపోయింది, అతను మాత్రం అది ఎలా విడుతుందో చూపించమన్నాడు. చూపించాను. భృతి ఉద్యోగంతో ఆగదని వాళ్ల అమ్మకు రెండుసార్లు చెప్పాను, విద్యానగర్‌కు ఏ బస్సు ఎక్కాలో కాగితం మీద రాసి ఇచ్చాను. కుట్లు విప్పగానే నేనే వెంట తీసుకెళ్తానన్నాను. వచ్చేటప్పుడు నాలుగు గీతల కాపీ పుస్తకం ఒకటి అతని దిండు పక్కన పెట్టి, ఎడమ చేత్తో సంతకం రేపటి నుంచే మొదలుపెట్టమన్నాను.